రిజ్యూమ్ అనే క్రియ, గోడవతలి ఫ్యాన్ స్విచ్చు

నిన్న ఎక్కడ ఆపినం?

కొత్తగా ఇంగ్లీషు టీచర్లుగా చేరినవాళ్లు అప్పుడప్పుడు వికారాబాద్‌లో మా ఇంటికి వస్తుంటారు. చేతిలో ఫోను, ముఖంలో భయం. "మేడం, పిల్లలకు గ్రామర్ ఎట్ల చెప్పాలె?" అని అడుగుతారు. గ్రామర్ పుస్తకంలో ఉంది, ఎవరైనా చెప్తారు. పుస్తకంలో లేనిది నేను చెప్తాను, వినండి. క్లాసులో అడుగు పెట్టి "నిన్న ఎక్కడ ఆపినం?" అని మాత్రం అడగకండి.

నేను యాలాల్‌లో అడిగాను, పరిగిలో అడిగాను, తాండూరులో రిటైరయ్యే దాకా అడుగుతూనే ఉన్నాను. ఒక్కసారి తప్ప ఏ బడిలోనూ నాకు నిజం చెప్పినవాళ్లు లేరు. పోయిన వారం అయిపోయిన పాఠం పేరు అందరూ ఒక్క గొంతుతో చెప్తారు. ఇచ్చిన హోంవర్క్ ఇవ్వలేదంటారు. ఒకసారైతే "నిన్న మీరు బడికే రాలే మేడం" అన్నారు. నేను కూడా కాసేపు నమ్మాను.

అయినా ఎందుకు అడిగేదాన్నంటే, టీచరు పనంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పాఠం ఒక్కరోజులో పూర్తి కాదు. గంట కొడతారు, సెలవులొస్తాయి, కరెంటు పోతుంది, పిల్లకు జ్వరమొస్తుంది. ఆపడం మన చేతిలో ఉండదు. ఆగిన చోటు గుర్తుపెట్టుకుని మళ్లీ ఎత్తుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంటుంది. ఇంగ్లీషులో దీనికి రిజ్యూమ్ అని ఒక క్రియ ఉంది. దాని అర్థం నాకు నిఘంటువు కంటే బాగా తాండూరు బజారులో ఇద్దరు అన్నదమ్ములు నేర్పారు. ఆ ముచ్చటే చెప్తాను.

హెడ్మాస్టరు గారి మైకు

తాండూరులో నేను చివరగా పనిచేసిన బడి హెడ్మాస్టరు గారు మంచి మనిషి. ఇది ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పేదంతా వింటే మీకు అనుమానం రావచ్చు. పిల్లల మీద చెయ్యెత్తేవారు కాదు, టీచర్ల మీద గొంతెత్తేవారు కాదు. ఆయనతో వచ్చిన బాధ ఒక్కటే. ఏదైనా మొదటి నుంచి చెప్పాలి, మొదటి నుంచి వినాలి.

ఒక జెండా పండుగ నాడు ఆయన ప్రసంగం సగంలో ఉండగా మైకు ఆగిపోయింది. బాగు చేశారు. ఆయన గొంతు సవరించుకుని "వేదికనలంకరించిన పెద్దలకు" అని మళ్లీ మొదలుపెట్టారు. "చదువు యొక్క ప్రాముఖ్యత" దగ్గరకు రాగానే మైకు మళ్లీ ఆగింది. మళ్లీ పెద్దలకు నమస్కారం. ఆ తర్వాత పిల్లలు కూడా ఆయనతోపాటు ప్రసంగం చెప్పడం మొదలుపెట్టారు, నోటికి వచ్చేసింది మరి. పంచాల్సిన చాక్లెట్లు ఎండకు కరిగి కాగితాలకు అంటుకుపోయాయి.

ఆయనే రోజుకో ఇంగ్లీషు క్రియ వరండాలో బోర్డు మీద రాయించేవారు. ఒకరోజు రిజ్యూమ్ వచ్చింది. పిల్లలు కొనుక్కునే గైడులో దానికి "తిరిగి ప్రారంభించు" అని అర్థం ఉంది. అది తప్పు కాదు, కాని సగమే. దాన్ని పట్టుకుని ఇంగ్లీషు రాస్తే మా హెడ్మాస్టరు గారి ప్రసంగమే తయారవుతుంది.

నేను తొమ్మిదో తరగతిలో గైడు మూయించి అడిగాను. "జెండా పండుగ నాడు మైకు ఆగి మళ్లీ వచ్చింది గద. సారు ప్రసంగం రిజ్యూమ్ అయిందా?"

"లేదు మేడం!" క్లాసంతా అరిచింది.

"మరేమైంది?"

"మల్ల మొదటికెల్లి షురువైంది మేడం!"

అర్థం అయిపోయింది. మా ఊళ్లో భజన చేసేటప్పుడు చూడండి, డోలక్ వదులైతే బిగించుకునే దాకా పాట ఆపుతారు. బిగించగానే ఆపిన చరణం నుంచే ఎత్తుకుంటారు, గణపతి ప్రార్థన నుంచి కాదు. అదీ రిజ్యూమ్. ముందు ఒకటి మొదలై ఉండాలి, అది నడుమ ఆగాలి. అయిపోయినదాన్ని రిజ్యూమ్ చేయలేరు, ఆగినదాన్నే చేయగలరు. ఈ తేడా తెలిస్తే ఆ క్రియ మీ సొంతమైనట్టే.

పిల్లలను ఉదాహరణలు చెప్పమన్నాను. ఒక పిల్ల లేచింది. "మా నాయనమ్మ మా అమ్మను తిడ్తుంటది మేడం. టీవీల సీరియల్ రాంగనే ఆపుతది. నడుమ అడ్వటైజుమెంట్లు రాంగనే రిజ్యూమ్ చేస్తది."

"ఎక్కడి నుంచి?"

"ఆడికెల్లే మేడం. ఒక్క మాట గూడ ఇడ్సిపెట్టది."

ఇంతకంటే మంచి ఉదాహరణ నా సర్వీసులో వినలేదు. ఆ నాయనమ్మకు దండం పెట్టాలి.

తర్వాత మంజుల లేచింది. కిటికీ పక్క బెంచీలో గౌరి, మంజుల ఎప్పుడూ కలిసే కూర్చునేవారు, ఎప్పుడూ మాట్లాడుతూనే ఉండేవారు. "నేను, గౌరి చౌరస్తా కాడ ముచ్చట బంద్ చేస్తం మేడం. మల్ల పొద్దుగాల ఆడనే రిజ్యూమ్ చేస్తం."

"చౌరస్తా దగ్గర ఎందుకు ఆపుతరు? ఇంటిదాకా మాట్లాడుకోరాదా?"

గౌరి తల దించుకుంది. మంజుల మెల్లగా అన్నది. "మా నాయిన, వాళ్ల నాయిన అన్నదమ్ములు మేడం. మాట్లాడుకోరు. మేం గూడ మాట్లాడుకోవద్దన్నరు."

రెండు బోర్డులు, ఒక గోడ

తాండూరు బజారులో వాళ్ల దుకాణం అందరికీ తెలుసు. పప్పులు, కిరాణా. తండ్రి నడిపిన దుకాణాన్ని అన్న బసప్ప శేఠ్, తమ్ముడు సంగప్ప శేఠ్ కలిసి నడిపేవారు. గౌరి బసప్ప బిడ్డ, మంజుల సంగప్ప బిడ్డ. ఆడపిల్లలు ఇంకా చిన్న తరగతుల్లో ఉండగా అన్నదమ్ములిద్దరికీ కొట్లాట అయ్యింది. దుకాణం నడుమ గోడ లేచింది. ఒక బోర్డు ఉన్నచోట రెండు వచ్చాయి. రెండూ ఒకే పెయింటరు రాశాడు, ఆ కొట్లాటలో బాగుపడింది వాడొక్కడే.

గోడ కట్టినవాళ్లు తొందరలో ఒక సంగతి మర్చిపోయారు. బసప్ప శేఠ్ నెత్తి మీది ఫ్యాను స్విచ్చు సంగప్ప వైపు ఉండిపోయింది. కరెంటు పనివాడిని పిలిపిస్తే వైరు మార్చేవాడే. ఇద్దరిలో ఒక్కరూ పిలిపించలేదు. ఉక్కపోసినప్పుడు పెద్ద శేఠ్ తన దుకాణంలో నిలబడ్డ ఎవరినో చూస్తూ పెద్దగా అనేవాడు. "జర ఆ పక్కోళ్లకు జెప్పుండ్రి, ఫ్యాన్ ఎయ్యుమని." ఆ మాట గోడ దాటి వెళ్లేది. ఫ్యాను తిరిగేది. చలికాలం అయితే "బంద్ జెయ్యుమనుండ్రి" అనేవాడు. ఫ్యాను ఆగేది. తమ్ముడి నుంచి ఒక్క మాట వచ్చేది కాదు.

నేను కందిపప్పు అన్న దగ్గర, బియ్యం తమ్ముడి దగ్గర కొనేదాన్ని. కాబట్టి ఈ ఫ్యాను వార్తాహరుల్లో నేనూ ఒకదాన్ని. ఇంగ్లీషు టీచరును, గోడకు తర్జుమా చేసేదాన్ని అయ్యాను. సంగప్ప శేఠ్‌కు నేను నోరు తెరవకముందే చెయ్యి స్విచ్చు మీదికి పోయేది.

నేను క్లాసులో అడిగిన ఉదాహరణ ఊళ్లో ఎంత దూరం పోయిందో ఏమో, ఆడపిల్లలిద్దరూ బడిలో మాట్లాడుకుంటున్నారన్న సంగతి సంగప్ప శేఠ్ చెవిన పడింది. మర్నాడే బడికి వచ్చాడు. "మంజులకు టీసీ ఇయ్యుండ్రి సార్. హైదరాబాద్ల హాస్టల్ల ఏస్త" అన్నాడు. ఆ మాట విని మంజుల మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. గౌరి తన డబ్బా తెరిచి ముందు పెట్టింది, అదీ ముట్టలేదు. ఆడపిల్లలు చేసిన నేరమల్లా ముచ్చట్లు చెప్పుకోవడం. నాకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం ప్యాసింజరులో లెక్కల టీచరు రజియా మేడంతో అదే చెప్పుకుంటూ కూర్చున్నాను. మేమిద్దరం వికారాబాద్ నుంచే వచ్చిపోయేవాళ్లం. మా కబుర్లు బండి వికారాబాద్ చేరగానే సగంలో ఆగేవి, మర్నాడు ప్లాట్‌ఫాం మీద నమస్కారాలు కూడా లేకుండా అక్కడి నుంచే నడిచేవి. ఆమె అంతా విని "ఫికర్ చెయ్యకు సుగుణా, హెడ్మాస్టరు సార్ పిలిచి మాట్లాడ్తరట గద" అంది.

"అదే నా ఫికర్" అన్నాను.

మొదట్నుంచి చెప్పండి

హెడ్మాస్టరు గారు అన్నదమ్ములిద్దరినీ తన గదికి పిలిపించారు. నన్ను, రజియాను పక్కన కూర్చోబెట్టారు. "ఏ సమస్యకైనా మూలానికి పోవాలి" అని నవ్వి, "శేఠ్, మొదట్నుంచి చెప్పండి" అన్నారు.

నేను కళ్లు మూసుకున్నాను.

బసప్ప శేఠ్ తాతగారి ఎడ్లబండి నుంచి మొదలుపెట్టాడు. తాత కందులు ఏసుకుని అంగడికి వచ్చేవాడట, నల్ల ఎడ్లు. సంగప్ప శేఠ్ అన్న వైపు చూడకుండా గోడ మీది గడియారంతో అన్నాడు. "నల్ల ఎడ్లు గాదు, బూడిద రంగు." ఎడ్ల రంగు తేలడానికే ఇంటర్వెల్ గంట కొట్టేశారు. తండ్రి పెళ్లి దగ్గరకు వచ్చేసరికి మధ్యాహ్నం అన్నం గంట. తిని వచ్చాక హెడ్మాస్టరు గారు చేతులు తుడుచుకుంటూ "ఆ, ఇప్పుడు ప్రశాంతంగా మొదట్నుంచి చెప్పండి" అన్నారు. మళ్లీ ఎడ్లు వచ్చాయి. రజియా నా కాలు తొక్కింది.

కొత్త టీచర్లకు ఇక్కడొక మాట. పిల్లల కొట్లాట గాని పెద్దల కొట్లాట గాని మీ ముందుకు వస్తే, దాన్ని మొదటి నుంచి చెప్పమనకండి. మొదటి నుంచి చెప్పేకొద్దీ మనిషికి కొత్త కోపాలు గుర్తొస్తాయి. మా ముందు కూడా అదే జరిగింది. బసప్ప శేఠ్‌కు చిన్నప్పటి బొంగరం గుర్తొచ్చింది. సంగప్ప శేఠ్ లేచి నిలబడ్డాడు.

"ఎడ్లు, బొంగరాలు నాకొద్దు సార్. నేను ఒక్కటే జెప్త. ఆ దినం కొత్త బోర్డు రాసెటోడు వచ్చిండు. నేను అన్నతోని 'చాయ్ చెప్పాల్నా' అనడిగిన. అప్పుడే వాడు 'పైన ఎవరి పేరు రాయాలె' అనడిగిండు. ఈయన వానికి జవాబిచ్చిండు, 'నా పేరు రాయి' అని. నేను అడిగినదానికి జవాబియ్యలే. ఇప్పటిదాంక ఇయ్యలే!"

"చాయ్ సంగతి ఎవనికి యాదికుంటది?" బసప్ప శేఠ్ పైకప్పుతో అన్నాడు.

"నాకుంది" అని సంగప్ప శేఠ్ వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ టీసీ తయారు చేసి పెట్టమన్నాడు. హెడ్మాస్టరు గారు బాధపడుతూ "రేపు మళ్లీ మొదట్నుంచి పిలుద్దాం" అన్నారు. నేనేదైనా అనేదాన్నే, రజియా నన్ను బయటికి లాక్కుపోయింది.

పప్పు కొనబోయి

మర్నాడు బడి అయ్యాక బజారుకు పోయాను. సంగప్ప శేఠ్ దుకాణం షటర్ వేసి ఉంది. హాస్టల్ చూడటానికి పొద్దున్నే హైదరాబాద్ పోయాడట. బసప్ప శేఠ్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కందిపప్పు అడిగాను. పొట్లం కడుతుంటే అన్నాను.

"శేఠ్, బోర్డు మీద ఎవరి పేరు పైన ఉండాలో నాకు తెల్వదు. తప్పు ఎవరిదో నాకొద్దు. మీ తమ్ముడు ఒక మాట అడిగిండు, చాయ్ తాగుతరా అని. తాగుతరా, తాగరా? అంతే చెప్పుండ్రి."

"గప్పటి చాయ్ సంగతా మేడం? సల్లారి రాయైపోయుంటది."

"తాగితే గద తెలిసేది."

ఆయనకు కోపమొచ్చింది. "బడి సంగతి మీరు జూస్కోండ్రి. ఇంటి సంగతి మేం జూస్కుంటం. ఆయనకే ఒద్దంటే నేనేం జెయ్యాలె? ఆయనే తెంపుకున్నడు. నా అవసరం ఆయనకేముంది?"

నాకు చెమట పట్టలేదన్న సంగతి అప్పుడే తెలిసింది. తలెత్తి చూశాను. ఫ్యాను తిరుగుతోంది. పక్క దుకాణం షటర్ పొద్దుటి నుంచి దించే ఉంది.

"ఇది ఎవరు ఏసిన్రు శేఠ్?" అని పైకి చూపించాను.

బసప్ప శేఠ్ తలెత్తాడు. షటర్ వైపు చూశాడు. మళ్లీ ఫ్యాను వైపు చూశాడు. హైదరాబాద్ బండి ఎక్కబోయే మనిషి, బిడ్డను అన్న బిడ్డకు దూరం చేయడానికి పోతున్న మనిషి, ముందు దుకాణానికి వచ్చి, షటర్ లేపి, స్విచ్చు వేసి, మళ్లీ షటర్ దించి పోయాడు. పెద్ద శేఠ్ పొట్లానికి దారం చుడుతూనే ఉన్నాడు, చుట్టడం ఆపడం మర్చిపోయాడు. ఆ పొట్లం విప్పడానికి ఇంట్లో నాకు కత్తెర కావలసి వచ్చింది.

వరండాలో బెంచీ

టీసీ తీసుకునే రోజు నేను తొమ్మిదో తరగతిలో పాఠం చెప్తున్నాను. గౌరి, మంజుల ఆ రోజు మాట్లాడుకోవడం లేదు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. అటెండర్ నర్సింలు వచ్చి, మంజుల కాగితాల మీద క్లాసు టీచరు సంతకం కావాలన్నాడు. పాఠం ఆపి వెళ్లాను.

వరండాలో ఆఫీసు ముందు బెంచీ మీద సంగప్ప శేఠ్ కూర్చున్నాడు. నేను కాగితం తీసుకున్నాను. పెన్ను మూత తీయడానికి నా జన్మలో ఎన్నడూ అంతసేపు పట్టలేదు. అప్పుడే గేటులో నుంచి బసప్ప శేఠ్ వచ్చాడు. పంచె పైకెత్తి పట్టుకుని, ఎవరితోనో కొట్లాటకు పోతున్నట్టు నడిచి వచ్చి, బెంచీ రెండో చివర కూర్చున్నాడు. ఇద్దరూ ఎదురుగా వేపచెట్టును చూస్తున్నారు. క్లాసు కిటికీలో తలకాయలు ఒకదాని మీద ఒకటి లేచాయి.

కాసేపటికి బసప్ప శేఠ్ వేపచెట్టు వైపే చూస్తూ అన్నాడు.

"తాగుత."

సంగప్ప శేఠ్‌కు అర్థం కాలేదు. చుట్టూ చూశాడు, ఈ మాట నాతో అన్నాడేమోనని నా వైపు కూడా చూశాడు. బసప్ప శేఠ్ ఈసారి తమ్ముడి వైపు తిరిగాడు.

"చాయ్. చెప్పాల్నా అనడిగినవ్ గద. చెప్పు, తాగుత. గని శక్కెర ఒద్దు. షుగరొచ్చింది నాకు."

ఆ తర్వాత సంగప్ప శేఠ్ నుంచి వచ్చిన మాటలు అరుపులే. "షుగరా? ఎప్పుడొచ్చింది? నాకు ఒక్కలన్న జెప్పలే!"

"ఎట్ల జెప్తరు? గోడ కట్టుకుంటివి."

"కట్టుకుంటే? ఫ్యాన్ ఎయ్యుమని జెప్పలేదా గోడకెల్లి? షుగరొచ్చిందని జెప్పరాదా? గోళీలేసుకుంటున్నవా? వదినె జూస్తలేదా? పొద్దంత కూసునుడే, నడుసుడు లేదు, నాకెర్క లేదా నీ సంగతి!"

తిడుతున్నాడు, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడం కూడా లేదు. బసప్ప శేఠ్ చిన్నపిల్లాడిలా తల ఊపుతూ వింటున్నాడు. నేను పెన్ను మూత పెట్టేశాను.

"నర్సింలూ, రెండు చాయ్ తేపో. ఒకటి శక్కెర లేకుంట" అని సంగప్ప శేఠ్ కేకేశాడు. మళ్లీ అన్న వైపు చూసి, "రెండూ శక్కెర లేకుంటనే తే" అన్నాడు. నా చేతిలో కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "టీసీ ఒద్దు మేడం. పిల్ల ఈడనే సదువుతది."

ఈ గోల విని హెడ్మాస్టరు గారు గదిలో నుంచి పరుగున వచ్చారు. అన్నదమ్ములిద్దరినీ ఒకే బెంచీ మీద చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

"భలే భలే! ఏమైంది? మొదట్నుంచి చెప్పండి!"

"ఒద్దు సార్!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. నేను కూడా అరిచాననుకుంటా.

గోడ ఇప్పటికీ ఉంది. బోర్డులు కూడా రెండే. స్విచ్చు ఉన్నచోటే ఉంది. మొన్న పప్పుకు పోయినప్పుడు చూశాను. ఉక్కపోస్తే పెద్ద శేఠ్ ఇప్పుడు ఎవరినీ బతిమాలడం లేదు. "అరేయ్ సంగా, ఫ్యాన్ ఎయ్!" అని కేకేస్తాడు. అవతల నుంచి "ఏస్తున్న ఆగు, గోళీ ఏస్కున్నవా?" అని తిరుగు కేక వస్తుంది. పని చేసుకోలేకపోతున్నామని చుట్టుపక్కల దుకాణాలవాళ్లు మొత్తుకుంటున్నారు.

ఆ రోజు నేను క్లాసుకు తిరిగి వచ్చాను. తలకాయలన్నీ కిటికీ దగ్గర నుంచి బెంచీల మీదికి దూకాయి. గౌరి, మంజుల ముఖాలు చూస్తే ఏడ్చారో నవ్వారో చెప్పలేం. నాకు నిజంగానే ఏమీ గుర్తులేదు. పుస్తకం తెరిచి, అలవాటు కొద్దీ అడిగాను.

"ఎక్కడ ఆపినం?"

ఏ పాఠం పేరు చెప్పాలా అని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. మంజుల లేచి నిలబడింది.

"రెండో పేరా నడుమ ఆపిన్రు మేడం. ఇంకా మీరు నిన్న హోంవర్క్ ఇచ్చిన్రు, ఎవ్వలు చూపెట్టలే."

క్లాసంతా ఆమెను మింగేసేలా చూసింది. గౌరి కింద నుంచి లంగా పట్టుకుని గుంజింది. "హోంవర్క్ సంగతి నిన్నెవలడిగిన్రే! నీతోని నేను మాట్లాడ పో!"

నేను రెండో పేరా నడుమ నుంచి ఎత్తుకున్నాను.